ఇంటికంటే ముందు నేల

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో ఇల్లు లేనివారు ఎందరు అన్న ప్రశ్నకు జనాభా లెక్కలు చెప్పే జవాబు ఒకటి, ఇంటి స్థలం కోసం పంచాయతీ కార్యాలయాలలో పేరుకునే అర్జీలు చెప్పే జవాబు మరొకటి. జనగణన దృష్టిలో ఇల్లు లేని కుటుంబమంటే ఏ కట్టడంలోనూ నివసించక రోడ్డు పక్కన, వంతెన కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారం మీద, సిమెంటు గొట్టాలలో, గుడి మండపాలలో రాత్రి గడిపే కుటుంబం. 2011లో అటువంటివారిని లెక్కించేందుకు దేశమంతటా ఫిబ్రవరి 28 రాత్రిని కేటాయించగా 17.73 లక్షల మంది తేలారు. 2001లో ఆ సంఖ్య 19.43 లక్షలు కాబట్టి మొత్తం మీద తగ్గుదలే కనిపించినా, పల్లెలలో తగ్గి పట్టణాలలో పెరిగిందన్నది ఆ లెక్కలోని అసలు విశేషం.

ఆ ఒక్క రాత్రి లెక్కకు అందనివారే ఈ మూడు తాలూకాలలో ఎక్కువ. తండ్రి కట్టిన ఒంటి గది మట్టి మిద్దెలో ఇద్దరు కొడుకుల కాపురాలు సాగుతుంటే జనగణన దాన్ని ఇల్లుగానే రాసుకుంటుంది. ప్రభుత్వ బంజరులో ఇరవై ఏళ్ల కిందట రేకులు కప్పుకున్న కుటుంబానికి ఆ నేల మీద ఏ కాగితమూ లేకపోయినా అదీ ఇల్లే. సంవత్సరంలో ఎనిమిది నెలలు బెంగళూరులో కట్టడపు పనుల దగ్గర షెడ్డులో ఉండే కూలీకి సొంత ఊరిలో కూలిన గోడలున్నా అదీ ఇల్లే. అమితాబ్ కుండు అధ్యక్షతన కేంద్రం నియమించిన నిపుణుల బృందం 2012లో దేశంలోని పట్టణాలకు 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని అంచనా వేసినప్పుడు, అందులో పూర్తిగా గూడు లేని కుటుంబాల వాటా 5.3 లక్షలు మాత్రమే కాగా, ఇరుకులో కాపురముంటున్న కుటుంబాల వాటా దాదాపు కోటి యాభై లక్షలు. మొత్తం కొరతలో 95 శాతానికి పైగా అల్పాదాయ వర్గాలదే. అదే కాలంలో, 2011 జనగణన ప్రకారం, దేశంలోని పట్టణాలలో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా తాళం వేసి ఉన్నాయి. అంటే కట్టడాలు తక్కువై వచ్చిన చిక్కు కాదిది. కట్టినవి అవసరమైనవారికి అందే ధరలో, అందే చోట లేకపోవడం వల్ల వచ్చినది.

ఐక్యరాజ్యసమితికి చెందిన ఆర్థిక, సాంఘిక, సాంస్కృతిక హక్కుల సంఘం 1991లో తగిన నివాసానికి ఏడు లక్షణాలు చెప్పింది: ఖాళీ చేయించే భయం లేని భద్రత, నీరు-మురుగు-వెలుతురు వంటి సౌకర్యాలు, భరించగల ఖర్చు, ఆరోగ్యానికి తగిన కట్టడం, వృద్ధులకూ వికలాంగులకూ అందుబాటు, బతుకుతెరువుకు దగ్గరగా ఉండే చోటు, ఆ జనుల జీవన విధానానికి సరిపడే తీరు. మన దేశంలో సుప్రీంకోర్టు 1985 నాటి ఓల్గా టెల్లిస్ కేసులో జీవించే హక్కులో జీవనోపాధి కూడా భాగమని చెప్పి, తరువాతి తీర్పులలో నివాసాన్ని కూడా ఆ హక్కులోకి చేర్చింది. ఈ ఏడు లక్షణాలలో గోడలూ కప్పూ ఒకటి మాత్రమే. అయితే ప్రభుత్వ పథకాలు ఎక్కువగా ఆ ఒక్కదానికే సొమ్ము కేటాయిస్తాయి. మిగిలిన వాటికి ఆధారమైన నేల మాత్రం పథకాల వెలుపలే ఉండిపోతుంది. చిక్కబళ్ళాపురం ప్రాంతపు అనుభవం ఈ లోపాన్ని స్పష్టంగా చూపిస్తుంది.

పెరిగిన నేల ధర

2007లో కోలారు నుంచి విడిపోయి జిల్లాగా ఏర్పడిన చిక్కబళ్ళాపురం బెంగళూరుకు ఉత్తరాన దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి హైదరాబాదు రహదారి బాగేపల్లి మీదుగా ఆంధ్ర సరిహద్దు దాటుతుంది. చింతామణి తూర్పు వైపున టమాట, పట్టు, వేరుశనగ వ్యాపారాలకు కేంద్రంగా పెరిగిన పట్టణం. ఏడాది పొడవునా పారే నది లేని ఈ నేలలో చెరువులు, వెయ్యి అడుగులు దాటిన బోర్లు వ్యవసాయానికి ఆధారం. వాన తప్పిన ఏళ్లలో రైతు నేల అమ్ముకోవడం కొత్త కాదు గానీ, 2008లో దేవనహళ్ళి దగ్గర అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఆ అమ్మకానికి కొనేవారి వరుస మారింది. అంతవరకు పక్క ఊరి రైతు కొనే పొలాన్ని నగరంలో ఉద్యోగం చేసేవారూ లేఅవుట్లు వేసేవారూ కొనడం మొదలుపెట్టారు. 2020లో కర్ణాటక ప్రభుత్వం భూసంస్కరణల చట్టాన్ని సవరించి, వ్యవసాయేతర ఆదాయం ఒక పరిమితి దాటినవారు, స్వయంగా సాగు చేయనివారు సాగుభూమి కొనకుండా అడ్డుకున్న 79ఎ, 79బి సెక్షన్లను తొలగించడంతో ఆ దారి ఇంకా వెడల్పయింది.

నేల ధర పెరగడం అమ్మేవాడికి లాభమే. కొనవలసిన కూలీకి మాత్రం అది ఎంత దూరమో చిన్న లెక్కతో తెలుస్తుంది. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉన్న సైటు 1,200 చదరపు అడుగులు. చదరపు అడుగు వెయ్యి రూపాయలే అనుకున్నా దాని వెల 12 లక్షలు. 2025-26లో కర్ణాటకలో ఉపాధి హామీ రోజు కూలి 370 రూపాయలు కాబట్టి, ఏడాదికి నూరు రోజుల పని పూర్తిగా దొరికి, అందులో ఒక్క రూపాయి ఖర్చు చేయకపోయినా, ఆ సైటు కొనడానికి ముప్పై రెండేళ్లు దాటుతుంది.

అందుకే పేద కుటుంబాలు తక్కువ ధరకు దొరికే రెవెన్యూ సైట్ల వైపు పోతాయి. సాగుభూమిని ఇళ్లకు వాడుకోవాలంటే జిల్లాధికారి అనుమతి కావాలి. దాన్నే డీసీ కన్వర్షన్ అంటారు. ఆ అనుమతి గానీ ప్రణాళికా సంస్థ ఆమోదం గానీ లేకుండా పొలాన్ని ముక్కలు చేసి అమ్మినవే రెవెన్యూ సైట్లు. వీటికి పంచాయతీలు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈ-స్వత్తు పత్రాలు, అంటే తొమ్మిది, పదకొండు నంబరు ఫారాలు, సక్రమంగా దొరకవు. ఆ పత్రాలు లేనిదే బ్యాంకు ఇంటి రుణం ఇవ్వదు. రుణం రానివారు వడ్డీ వ్యాపారిని ఆశ్రయిస్తారు. ఇలా చవకగా దొరికిన సైటు మీద కట్టిన ఇల్లు, దారి, మురుగుకాలువ, నీటి కొళాయి లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోయి, చివరకు ఖరీదైనదే అవుతుంది.

హక్కుపత్రం కోసం

కర్ణాటకలో పేదల ఇంటి స్థలం గురించి చట్టం మౌనంగా ఉండలేదు. దేవరాజ్ అరసు ప్రభుత్వ కాలంలో 1974 మార్చి 1 నుంచి అమలైన భూసంస్కరణలు కౌలురైతుకు సాగునేలను ఇచ్చినట్లే, వేరొకరి భూమిలో గుడిసె వేసుకున్న వ్యవసాయ కూలీకి ఆ గుడిసె నేలను సొంతం చేసే అవకాశాన్నీ కల్పించాయి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం విముక్తుడైన జీతగాణ్ణి అతడు ఉంటున్న చోటు నుంచి వెళ్లగొట్టరాదని ప్రత్యేకంగా చెప్పింది. యజమాని నేల మీద గుడిసె ఉన్నంతకాలం కూలీకి స్వేచ్ఛ కాగితానికే పరిమితమవుతుందని చట్టం రాసినవారు గుర్తించారన్నమాట. ప్రభుత్వ నేలలో అనుమతి లేకుండా కట్టుకున్న ఇళ్లను క్రమబద్ధం చేసేందుకు భూకందాయ చట్టంలో గ్రామాలకు 94సి, పట్టణాలకు 94సిసి సెక్షన్లు వచ్చాయి. లంబాణీ తండాలు, గొల్లరహట్టులు, వడ్డరహట్టుల వంటి రికార్డులకెక్కని వాడలలో ఉంటున్నవారికి ఆ నేల హక్కు ఇచ్చేందుకు భూసంస్కరణల చట్టంలో 38ఎ సెక్షన్ చేరింది.

చట్టం ఇంత ఉన్నా పని సాగేది తాలూకా కచేరీలో. సర్వే నకలు, నివాస ధ్రువీకరణ, ఏ తేదీ నుంచి అక్కడ ఉంటున్నదీ చూపే కరెంటు బిల్లు, గ్రామ పరిపాలనాధికారి నివేదిక అన్నీ ఒకచోట చేరితేనే హక్కుపత్రం కదులుతుంది. బాగేపల్లి, చింతామణి పల్లెలలో ఇంటి మాట తెలుగు, కచేరీ కాగితం కన్నడం. చదువులేని కుటుంబానికి ఈ రెంటి నడుమ మధ్యవర్తి తప్పనిసరి కావడం, ఆ మధ్యవర్తికి ముట్టచెప్పవలసి రావడం ఇంటి ఖర్చులో ఏ పథకమూ లెక్కవేయని భాగం. పైగా పంచిపెట్టడానికి మిగిలిన ప్రభుత్వ నేలలో చాలాభాగం గోమాళం, అంటే పశువుల మేతకు విడిచిపెట్టిన పోరంబోకు. నూరు పశువులకు ముప్పై ఎకరాల మేత భూమి ఉంచాలన్నది కర్ణాటక నిబంధన. గొర్రెలూ పాడి ఆవులూ బతుకుతెరువైన ఊళ్లలో మేత నేలను ఇళ్లకు ఇవ్వడమంటే ఒక పేదవాడి జేబులోంచి మరో పేదవాడి జేబులోకి మార్చడమే.

గోడలకు ఇచ్చే సొమ్ము

1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణగా మారింది. కర్ణాటక సొంతంగా 1990ల మొదట్లో ఆశ్రయ పథకాన్ని తెచ్చి, 2000లో రాజీవ్ గాంధీ గ్రామీణ వసతి నిగమాన్ని స్థాపించి, బసవ, అంబేడ్కర్, దేవరాజ్ అరసు పేర్లతో ఉన్న ఇళ్ల పథకాలను దాని ద్వారా నడుపుతోంది. కేంద్ర పథకం కింద మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షల రూపాయలు, దానికి తోడు 90 రోజుల ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డికి 12,000 రూపాయలు అందుతాయి. పైన చెప్పిన కూలి రేటు ప్రకారం మొత్తం 1.65 లక్షల పైచిలుకు. పథకం కోరే కనీస వైశాల్యం వంటగదితో కలిపి 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు. అడుగుకు 615 రూపాయల లోపే పడే ఈ సొమ్ముతో ఇసుక, సిమెంటు, ఇనుము, తాపీమేస్త్రీ కూలి అన్నీ తీరడం అసాధ్యం గనుక, మిగిలినది కుటుంబం అప్పు చేసి పూరించవలసిందే.

సొమ్ము వచ్చే తీరు ఈ అప్పును ఇంకా పెంచుతుంది. రాష్ట్ర నిగమం పథకాలలో పునాది, లింటెల్, కప్పు, పూర్తి అని పనిని దశలుగా విభజించి, ఒక్కొక్క దశ ముగిశాక పంచాయతీ సిబ్బంది మొబైల్‌లో ఆ స్థలం గుర్తుతో ఫొటో తీసి పంపితే గాని ఆ దశకు సంబంధించిన కంతు బ్యాంకు ఖాతాలో పడదు. దొంగ లబ్ధిదారులను అరికట్టడానికి ఈ పద్ధతి పనికివచ్చిందనడంలో సందేహం లేదు. కానీ మొదటి దశను సొంత సొమ్ముతో కట్టగలిగినవాడే రెండో దశకు చేరతాడు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు పునాది దగ్గరే ఆగిపోతాడు. లింటెల్ మట్టం దాకా లేచి, ఇనుప చువ్వలు తుప్పుపడుతూ నిలిచిన గోడలలో కొన్నింటి వెనుక బద్ధకమూ మోసమూ ఉండవచ్చు గానీ, చాలావాటి వెనుక కంతుకూ కంతుకూ మధ్య దొరకని అప్పే ఉంటుంది.

ఇంటికి అందే ఆ 1.65 లక్షల మొత్తాన్ని ప్రభుత్వమే మరో సందర్భంలో వేసుకున్న లెక్కతో పోల్చవచ్చు. 2021 నవంబరులో కురిసిన భారీ వానలకు ఈ జిల్లాలో చెరువులు పొంగి, నానిన మట్టి గోడలు కూలాయి. అదే ఏడాది డిసెంబరు 22 ఉదయం నిమిషాల తేడాతో 2.9, 3.0 తీవ్రతతో రెండుసార్లు భూమి కంపించి జనం వీధులలోకి పరుగెత్తారు. ఆ కాలంలో వరదలకూ వానలకూ పూర్తిగా కూలిన ఇంటికి కర్ణాటక ప్రభుత్వం ప్రకటించిన సాయం 5 లక్షల రూపాయలు. ఇల్లు నిజంగా కట్టడానికి ఎంత కావాలో ప్రభుత్వానికి తెలుసనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ఉన్న ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఇచ్చే సొమ్ములో మూడో వంతు కంటే తక్కువను, ఎన్నడూ ఇల్లు లేనివాడికి ఇచ్చి ఇల్లు కట్టుకోమనడం ఆ రెండు లెక్కల మధ్య ఉన్న వైరుధ్యం.

ఇంటి వైశాల్యం గురించిన నిబంధన కూడా ఈ ప్రాంతపు బతుకుకు సరిపడదు. చింతామణి, శిడ్లఘట్ట పరిసరాలలో పట్టుపురుగుల పెంపకం ఇంటి పనితో కలిసిపోయిన వృత్తి. వేరే షెడ్డు కట్టలేని కుటుంబం పురుగుల తట్టలను ఇంట్లోనే పేర్చుకుంటుంది. నాలుగో జ్వరం, అంటే పురుగు పొర విడిచే దశ, తీరి అది పెద్దదయ్యాక రాత్రింబవళ్లు ఆకు వేయాలి. గూడు కట్టే వేళకు దాన్ని వెదురు చంద్రికల మీదికి ఎక్కించాలి. ఆ నాళ్లలో గాలి ఆడాలి, వేడి పెరగకూడదు, పొగ తగలకూడదు. దాదాపు నెల రోజులు ఇంట్లో మంచి గది పురుగులది, వసారా మనుషులది. మట్టి మిద్దె చల్లగా ఉండి ఈ పనికి ఒదిగేది. 270 చదరపు అడుగుల సిమెంటు ఇంట్లో, ఎండాకాలం కాలే కప్పు కింద, తట్టలకు చోటెక్కడిది? కొత్త ఇంటికి మారిన కుటుంబం పెంపకమైనా మానాలి, లేదా పాత కొట్టాన్ని కూల్చకుండా ఉంచుకోవాలి. పాతది ఉంచుకున్నవారిని చూసి ఇచ్చిన ఇంట్లో ఉండడం లేదని అధికారులు తప్పుపడితే, ఆ తప్పు ఇంటి నమూనాలో ఉందని గుర్తించాలి.

అద్దె, భోగ్యం, షెడ్డు

పట్టణాలలో సమస్య రూపం వేరు. ఇంటి ఖర్చు ఆదాయంలో సుమారు 30 శాతం దాటితే ఆ కుటుంబం తిండికీ చదువుకూ కోత పెట్టుకోవలసి వస్తుందన్నది విధాన రచనలో వాడుకలో ఉన్న ప్రమాణం. నెలకు 15,000 సంపాదించే కుటుంబానికి ఆ హద్దు 4,500 రూపాయలు. అద్దెకు తోడు కొన్ని నెలల అడ్వాన్సు ముందే కట్టాలి. నెలనెలా అద్దె భారమనుకున్నవారు భోగ్యానికి దిగుతారు: యజమానికి కొన్ని లక్షలు ఒకేసారి అప్పగించి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, గడువు తీరాక ఆ మొత్తాన్ని తిరిగి తీసుకునే ఒప్పందమది. యజమానికి వడ్డీ లేని అప్పు, అద్దెదారుకు అద్దె లేని ఇల్లు. అయితే చాలా ఒప్పందాలు రిజిస్టరు కాని స్టాంపు కాగితం మీదే ఉంటాయి కాబట్టి, యజమాని సొమ్ము తిరిగి ఇవ్వలేనప్పుడు జీవితకాలపు పొదుపు ఇరుక్కుపోతుంది. ప్రభుత్వ ఇళ్ల పథకాలు దాదాపు పూర్తిగా సొంత ఇంటి చుట్టూ తిరుగుతున్నందువల్ల, ఇటువంటి అద్దెదారుకు రక్షణ కల్పించే యంత్రాంగం చిన్న పట్టణంలో కనిపించదు.

పూర్తిగా వీధిన పడ్డవారి విషయంలో చిన్న పట్టణాలకు మరో చిక్కు ఉంది. సుప్రీంకోర్టు ఆదేశాల తరువాత, జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద, లక్ష పట్టణ జనాభాకు కనీసం నూరు మందికి సరిపడే శాశ్వత ఆశ్రయ కేంద్రం ఉండాలన్న ప్రమాణం వచ్చింది. 2011 జనాభా లెక్కలలో చిక్కబళ్ళాపురం గానీ, చింతామణి గానీ, బాగేపల్లి గానీ లక్షకు చేరలేదు. బస్టాండులో పడుకునే వృద్ధుడికీ, మార్కెట్ అంగడి అరుగు మీద రాత్రి గడిపే హమాలీకీ, ఇంటినుంచి గెంటివేయబడిన స్త్రీకీ ఊరి జనాభా లక్ష దాటేదాకా ఆగే ఓపిక ఉండదు. ప్రమాణాన్ని తాలూకా కేంద్రానికి ఒకటిగా మార్చడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లేవారి సంగతి జిల్లా లెక్కలోకి రాదు. 1996 నాటి కట్టడ కార్మికుల చట్టం 34వ సెక్షన్, పని జరిగే చోటనే గానీ దగ్గరలో గానీ, వంటకూ స్నానానికీ వేరు వసతులతో తాత్కాలిక నివాసాన్ని యజమానే ఉచితంగా కల్పించాలని చెప్పింది. ఆచరణలో అది చాలాచోట్ల రేకుల షెడ్డుగా మిగులుతుంది. కట్టడం పూర్తయ్యాక షెడ్డు లేచిపోతుంది. ఇతరులకు వందల ఇళ్లు కట్టిన కుటుంబం మళ్ళీ మరో షెడ్డు వెతుక్కుంటుంది.

ఇల్లు ఎక్కడ ఉందన్నది కేవలం దూరానికి సంబంధించిన ప్రశ్న కాదని చింతామణి తాలూకా కంబాలపల్లి చరిత్ర చెబుతుంది. 2000 మార్చి 11న అక్కడ దళితుల ఇంటికి నిప్పు పెట్టగా ఏడుగురు సజీవ దహనమయ్యారు. ఊరి బయట, విడిగా వేసే కాలనీ నేల దొరికిన చోట వేసినదే కావచ్చు. కానీ అది పాత విభజననే సిమెంటుతో మళ్ళీ గీస్తుంది. ఐక్యరాజ్యసమితి చెప్పిన ఏడు లక్షణాలలో భద్రతను మొదట చెప్పడంలో ఈ అర్థం కూడా ఉంది.

ఇతరుల అనుభవం

సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరు 25న దాదాపు 30 లక్షల మంది మహిళల పేర ఇంటి స్థలాల పంపిణీ మొదలుపెట్టి, పల్లెలలో సెంటున్నర, పట్టణాలలో సెంటు చొప్పున ఇచ్చింది. నేల ముందు అన్న సూత్రాన్ని పట్టుకున్న ప్రయత్నమే అయినా, చవక నేల కోసం ఊరికి దూరంగా వేసిన కాలనీలు చాలాచోట్ల పనికీ బడికీ అందలేదు. తెలంగాణ 2015 నుంచి 560 చదరపు అడుగుల రెండు పడకగదుల ఇంటిని ఉచితంగా కట్టి ఇవ్వడంతో ఇంటి గౌరవం పెరిగింది గానీ, కట్టిన సంఖ్య అర్జీల సంఖ్యను అందుకోలేకపోయింది. ఫిన్లాండ్ 2008 నుంచి వీధిన ఉన్న మనిషికి ముందు శాశ్వతమైన అద్దె ఇల్లు ఇచ్చి, తాగుడు, జబ్బు, నిరుద్యోగం వంటి చిక్కులను ఆ తరువాత విడదీసే పద్ధతిని అనుసరించి, 8 వేలకు పైగా ఉన్న నిరాశ్రయుల సంఖ్యను 2023 నాటికి 4 వేల లోపుకు తెచ్చింది. వియన్నా నగరం నూరేళ్లుగా నేలను కొని తన చేతిలో ఉంచుకున్నందువల్లనే అక్కడి జనాభాలో దాదాపు సగం మంది నియంత్రిత అద్దెకు నివసించగలుగుతున్నారు. ఈ నాలుగింటినీ కలిపి చూస్తే, సరైన చోట నేలను ప్రభుత్వం ముందుగా చేతికి తెచ్చుకున్న చోట విధానం నిలిచిందనీ, నేలను చివరికి వెతుక్కున్న చోట తడబడిందనీ తెలుస్తుంది.

చిక్కబళ్ళాపురం జిల్లాకు ఈ అవకాశం ఇంకా చేయి దాటలేదు. కొత్త లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడే వాటిలో కొంత వాటాను పేదల సైట్లకు తప్పనిసరి చేయడం. 94సి, 38ఎ అర్జీలను కచేరీలో కాక ఊరిలోనే కూర్చుని, అర్జీదారు మాట్లాడే తెలుగులో వివరించి గడువులోగా తేల్చడం. మొదటి కంతును పునాదికి ముందే ఇచ్చి, మొత్తాన్ని ప్రభుత్వమే కూలిన ఇంటికి కట్టిన వెలకు చేర్చడం. పట్టు, పాడి మీద బతికే కుటుంబానికి పని స్థలంతో కూడిన నమూనాను అనుమతించడం. పురసభ, నగరసభల ఆధ్వర్యంలో తక్కువ అద్దెకు గదులు కట్టడం, ఇవన్నీ ఉన్న చట్టాల పరిధిలోనే చేయదగినవి. రానున్న జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆలోగా జిల్లా యంత్రాంగం గూడు లేనివారితో పాటు ఇరుకులో ఉన్నవారిని, నేల కాగితం లేనివారిని, షెడ్డులలో ఉంటున్న వలస కూలీలను కూడా వేర్వేరుగా లెక్కించి గ్రామసభలలో చదివి వినిపిస్తే, ఏ ఊరికి ఎంత నేల కావాలో తేలుతుంది. ఇళ్ల బడ్జెట్ ఆ లెక్క నుంచి మొదలు కావాలి.